వాడుతూనే ఉన్నా ఎముక విరిగింది: ఆస్టియోపోరోసిస్ మందు ఫెయిలయిందని ఎప్పుడు అంటారు

ఆస్టియోపోరోసిస్ అంటే ఎముకలు గుల్లబారి తేలిగ్గా విరిగే జబ్బు. అరవై ఐదు, డెబ్భై దాటిన అమ్మో అత్తగారో ఉన్న ఇళ్ళల్లో ఈ మధ్య బాగా వినిపిస్తున్న మాట ఇది. "రెండేళ్ళ నుంచి వారానికో మాత్ర తప్పకుండా వేస్తున్నాం, అయినా స్కాన్‌లో ఎముక సాంద్రత ఇంకా తగ్గిందంటున్నారు" అని ఒకరు, "మందు వాడుతుండగానే బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది, ఇక ఈ మందు ఎందుకు" అని ఇంకొకరు. ఆ తర్వాత జరిగేది కూడా దాదాపు ఒకేలా ఉంటుంది, మందు మానేయడమో లేకపోతే ఇంకా ఖరీదైన ఇంజెక్షన్ రాయమని డాక్టర్ మీద పడటమో. నిజానికి "పనిచెయ్యట్లేదు" అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. కొన్నిట్లో మందు శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది, కొన్నిట్లో మందు అసలు ఒంట్లోకే వెళ్ళలేదు, కొన్నిట్లో వెనక ఇంకో జబ్బు దాక్కుని ఉంటుంది, మిగిలిన కొద్దిమందిలో మాత్రం నిజంగానే మందు సరిపోవట్లేదు. ఏది ఏదో విడదీయకుండా మందు మారిస్తే డబ్బులు దండగ, ఒక్కోసారి డబ్బుల కంటే ఎక్కువే పోతుంది.

ఎముక లోపల ఏం జరుగుతుంది, టీ స్కోర్ అంటే ఏంటి

ఎముక ఒకసారి తయారై అలా పడుండే వస్తువు కాదు. మున్సిపాలిటీ వాళ్ళు పాత రోడ్డు తవ్వి కొత్తది వేసినట్టు ఒంట్లో కొన్ని కణాలు పాత ఎముకని తవ్వేస్తుంటాయి, ఇంకొన్ని అక్కడ కొత్తది కడుతుంటాయి. తవ్వేవాటిని ఆస్టియోక్లాస్ట్‌లు అంటారు, కట్టేవాటిని ఆస్టియోబ్లాస్ట్‌లు. ఈస్ట్రోజన్ ఉన్నన్నాళ్ళు తవ్వకం అదుపులో ఉంటుంది, నెలసరి ఆగిపోయాక తవ్వడం జోరందుకుంటుంది, కట్టడం దాన్ని అందుకోలేదు. మన దగ్గర ఇంకో సంగతి ఉంది. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి, అదీ చాలామందికి నలభై కూడా నిండకముందే. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆవిడ ఎముకలకి మెనోపాజ్ పది పదిహేనేళ్ళు ముందే వచ్చేసినట్టు లెక్క. అరవై ఏళ్ళకి స్కాన్ చేయిస్తే "ఇంత తక్కువుందేంటి" అని ఆశ్చర్యపోతారు గానీ ఎప్పుడో జరిగిన ఆపరేషన్ సంగతి డాక్టర్‌కి చెప్పడం ఎవరికీ గుర్తు రాదు.

టీ స్కోర్ అంటే పరీక్ష చేయించుకున్నావిడ ఎముక సాంద్రత ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుకి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత ప్రకారం మైనస్ 2.5 గానీ అంతకంటే కిందకి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, మైనస్ 1 కీ మైనస్ 2.5 కీ మధ్యలో ఉంటే ఆస్టియోపీనియా, అంటే అంతదాకా రాని తగ్గుదల. దీన్ని కొలిచేది డెక్సా స్కాన్, వెన్ను దగ్గరా తుంటి దగ్గరా తీస్తారు. ఉచిత క్యాంపుల్లో మడమ పెట్టించి అల్ట్రాసౌండ్‌తో చూసి చీటీ ఇస్తారు చూడండి, అది వేరే పరీక్ష. ఆ అంకెని డెక్సా అంకె పక్కన పెట్టి పెరిగిందా తగ్గిందా అని చూడటానికి కుదరదు.

మందులు రెండు రకాలు. అలెండ్రోనేట్, రైసెడ్రోనేట్ మాత్రలు, ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్, ఇవన్నీ తవ్వకాన్ని తగ్గించేవి. రోజూ పెన్‌తో పొడుచుకునే టెరిపారటైడ్ మాత్రం కట్టే కణాలని లేపుతుంది. రోమోసోజుమాబ్ అని కొత్తది ఒకటుంది, అది రెండు పనులూ కొంత కొంత చేస్తుంది.

వందమందిని తీసుకుని లెక్కేస్తే

మందు వాడుతుంటే ఎముక విరగదు అని ఏ ట్రయల్లోనూ తేలలేదు. తేలింది ఏంటంటే విరిగే అవకాశం తగ్గుతుంది అని, అంతే. అలెండ్రోనేట్ మీద 1996లో వచ్చిన ఫిట్ అనే పెద్ద ట్రయల్‌లో అప్పటికే వెన్నుపూస ఒకటైనా విరిగిన ఆడవాళ్ళని తీసుకున్నారు. మూడేళ్ళలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్ళలో నూటికి 15 మందికి కొత్తగా వెన్నుపూస విరిగినట్టు ఎక్స్‌రేలో కనిపించింది, అసలు మందు వేసుకున్న వాళ్ళలో నూటికి 8 మందికి.

ఇప్పుడు ఆ 8 మందిలో ఒకావిడ మీ అమ్మ అనుకోండి. ఆవిడకి మందు పనిచేసిందా లేదా అన్నది ఆవిడ ఒక్కదాన్నే చూసి చెప్పలేం, ఎందుకంటే మందు లేకపోతే ఒకటి కాకుండా మూడు వెన్నుపూసలు కుంగేవేమో ఎవరికి తెలుసు. అలాగే ఏమీ విరగని 92 మందిలో 85 మందికి మందు వేసుకోకపోయినా మూడేళ్ళు ఏమీ అయ్యేది కాదు. ఒరిగిన లాభం మధ్యలో ఉన్న ఆ 7 మందిది, వాళ్ళెవరో ఎవరికీ తెలీదు, వాళ్ళకే తెలీదు! విరగకుండా ఆగిపోయిన ఎముక ఎవరికీ కనపడదు కదా, విరిగింది మాత్రం పిండికట్టుతో సహా ఇంటికొస్తుంది, అందుకే ఈ మందుల మీద నమ్మకం నిలవడం అంత కష్టం.

బలమైన మందుల్లో కూడా ఇదే కథ. జోలెడ్రోనిక్ యాసిడ్ మీద 2007లో వచ్చిన హొరైజన్ ట్రయల్‌లో మూడేళ్ళలో వెన్నుపూసల ఫ్రాక్చర్లు 10.9 శాతం నుంచి 3.3కి దిగాయి, డెనోసుమాబ్ మీద 2009లో వచ్చిన ఫ్రీడమ్‌లో 7.2 నుంచి 2.3కి. చాలా పెద్ద తగ్గుదలే గానీ సున్నా కాదు. తుంటి, మణికట్టు లాంటి చోట్ల లాభం ఇంకాస్త తక్కువ, తుంటి విషయంలో రెంటికీ దాదాపు 40 శాతం.

స్కాన్‌లో తగ్గిందన్నారు, నిజంగా తగ్గిందా

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకావిడ వెన్ను సాంద్రత పోయినసారి చదరపు సెంటీమీటర్‌కి 0.720 గ్రాములు, ఈసారి 0.698. రిపోర్టులో టీ స్కోర్ మైనస్ 3.0 నుంచి మైనస్ 3.2కి జారింది, ఎర్ర రంగులో ఉంది, ఇంట్లో అందరికీ గాభరా. శాతంలో చూస్తే ఇది 3.1 శాతం తగ్గుదల. కానీ ఒకే మనిషిని ఒకే మిషన్ మీద పడుకోబెట్టి లేపి మళ్ళీ పడుకోబెట్టి తీస్తేనే అంకె అటూ ఇటూ అవుతుంది, కాలు కాస్త పక్కకి తిరిగినా తుంటి అంకె మారుతుంది. అందుకే ప్రతి సెంటర్ తన మిషన్ మీద ఎంత తేడా వస్తే దాన్ని నిజమైన మార్పుగా తీసుకోవాలో ముందే లెక్కగట్టి పెట్టుకోవాలి. అంతర్జాతీయంగా ఒప్పుకునే గరిష్ఠ పరిమితి వెన్నుకి 5.3 శాతం, మొత్తం తుంటికి 5 శాతం. ఆ లెక్కన మనావిడ 3.1 శాతం గాలికి ఊగినట్టే, ఏమీ మారలేదు అనే చదవాలి.

అదే స్కాన్ వేరే సెంటర్‌లో వేరే కంపెనీ మిషన్ మీద తీయించి ఉంటే పోలికే లేదు. ఒకే వెన్ను ఒక కంపెనీ మిషన్ మీద ఇంకోదానికంటే పది శాతం పైగా ఎక్కువ చూపించడం మామూలే. డిస్కౌంట్ ఎక్కడుంటే అక్కడ తీయించుకుంటూ పోతే చివరికి చేతిలో మూడు రిపోర్టులుంటాయి గానీ వాటిలోంచి ఒక్క సమాధానం కూడా రాదు.

రెండోవైపు మోసం కూడా ఉంది. వయసు మీదపడ్డాక వెన్నులో అరుగుదల వల్ల ఎముక ముళ్ళు పెరుగుతాయి, ఆ ముందున్న పెద్ద రక్తనాళంలో సున్నం పేరుకుంటుంది, వెన్నుపూస కుంగిపోతే అదే ఎముక తక్కువ చోటులో దట్టంగా కనిపిస్తుంది. ఇవన్నీ వెన్ను అంకెని పెంచి చూపిస్తాయి. అంటే వెన్నుపూస విరగడం వల్లే స్కోర్ బాగుపడినట్టు అనిపించే వింత కూడా జరుగుతుంది, అందుకే డెబ్భై దాటిన వాళ్ళల్లో తుంటి అంకెని ఎక్కువ నమ్ముతారు.

ఫిట్ ట్రయల్ వాళ్ళనే మళ్ళీ తిరగేసిన ఒక విశ్లేషణ 2000లో వచ్చింది. అలెండ్రోనేట్ మొదలుపెట్టిన మొదటి ఏడాదిలో తుంటి సాంద్రత 4 శాతం కంటే ఎక్కువ పోగొట్టుకున్న ఆడవాళ్ళని చూస్తే, అదే మందు కొనసాగించిన రెండో ఏడాదిలో వాళ్ళలో 80 శాతం పైగా మందికి తిరిగి పెరిగింది. మొదటి ఏడాది బ్రహ్మాండంగా పెరిగిన వాళ్ళకేమో రెండో ఏడాది కాస్త తగ్గింది. మొదటి ఏడాది స్కాన్ చూసి మందు మార్చి ఉంటే, రెండో ఏడాది పెరుగుదల ఘనత అంతా కొత్త మందుకి పోయేది.

మాత్ర మింగడం వేరు, ఎముకకి చేరడం వేరు

ఇక్కడ కాస్త ఆగాల్సిందే, ఎందుకంటే ఎక్కువ కేసులు తేలేది ఇక్కడే. అలెండ్రోనేట్ లాంటి మాత్రలు పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళేది ఒక శాతం కంటే తక్కువ, అదీ పరగడుపున మంచినీళ్ళతో వేసుకుంటేనే. 70 మిల్లీగ్రాముల మాత్రలో ఒంటికి పట్టేది అర మిల్లీగ్రాము కూడా ఉండదు. కాఫీతోనో ఆరెంజ్ జ్యూస్‌తోనో వేసుకుంటే అందులోనూ ఇంచుమించు 60 శాతం పోతుంది, టిఫిన్‌తో వేసుకుంటే ఏమీ మిగలదనే చెప్పాలి. పాలు, కాల్షియం మాత్ర, యాంటాసిడ్ అయితే మందుని పట్టుకుని అసలు లోపలికే వెళ్ళనివ్వవు.

ఇప్పుడు మన ఇంట్లో పొద్దున్నే జరిగేది గుర్తు తెచ్చుకోండి. లేవగానే థైరాయిడ్ మాత్ర, దాని వెనకే గ్యాస్ మాత్ర, ఆ తర్వాత స్ట్రాంగ్ కాఫీ, ఆదివారం అయితే ఈ ఎముకల మాత్ర కూడా, పక్కనే గుప్పెట్లో కాల్షియం. పెద్దావిడ ఒక్క మాత్ర కూడా మిస్ అవ్వలేదు, పిల్లలు డబ్బాలో లెక్కపెట్టి మరీ చూస్తున్నారు, అయినా ఎముకకి చేరింది దాదాపు ఏమీ లేదు. ప్రిస్క్రిప్షన్ మీద చిన్న అక్షరాలతో ఉండే "అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు" అన్న ముక్క మందుల షాపులో కవర్ మీద గీసే గీతల్లోకి రాదు మరి.

మానేసేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఏ దేశంలో చూసినా ఈ మాత్రలు మొదలుపెట్టిన వాళ్ళలో సుమారు సగం మంది ఏడాది తిరక్కముందే ఆపేస్తున్నారు. ఛాతీలో మంట, లేకపోతే నొప్పి తగ్గట్లేదని. ఈ మందు నొప్పి తగ్గించే మందే కాదు, మోకాళ్ళ నొప్పికీ ఆస్టియోపోరోసిస్‌కీ సంబంధం లేదు, కానీ ఆవిడ వెళ్ళింది మోకాళ్ళ నొప్పితో, రాసిచ్చింది ఇది, తగ్గలేదు కాబట్టి పనిచెయ్యనట్టే అనుకుంటుంది, ఆవిడ తప్పేముంది అందులో.

మందు చేరుతోందా లేదా తేల్చడానికి ఒక రక్తపరీక్ష ఉంది, సీటీఎక్స్ అంటారు, మన ల్యాబుల్లో బీటా క్రాస్‌ల్యాప్స్ అని కూడా రాస్తారు. ఎముక తవ్వినప్పుడు రక్తంలోకి రాలే ముక్కని కొలుస్తుంది. పొద్దున్నే పరగడుపున ఇస్తేనే అంకె నమ్మదగ్గది, జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో తప్పుగా వస్తుంది. మందు ముందు 600 ఉన్నది మూడు నుంచి ఆరు నెలల్లో 200కి వచ్చిందనుకోండి, మూడింట రెండొంతులు తగ్గింది, మందు చేరింది, తవ్వకం ఆగింది. 600 నుంచి 500కే వచ్చిందంటే తగ్గింది 17 శాతమే. అప్పుడు మొదట అనుమానించాల్సింది వేసుకునే పద్ధతిని, లేదా పేగులని.

వెనక దాక్కున్న కారణాలు

మందు సరిగ్గానే వెళ్తోంది, అయినా ఎముక జారిపోతోందంటే తవ్వకాన్ని ఇంకేదో ఎగదోస్తున్నట్టు. లిస్టు పెద్దదే గానీ మన దగ్గర తరచూ దొరికేవి కొన్నే.

విటమిన్ డి, కాల్షియం మొదటివి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి పరిశోధకులు 2000ల్లో చుట్టుపక్కల ఊళ్ళలో, పట్టణంలో చేసిన అధ్యయనాల్లో ఇంత ఎండ ఉన్న చోట కూడా ఆరోగ్యంగా కనిపించే జనంలో విటమిన్ డి లోపం విపరీతంగా ఉందని, తిండిలో కాల్షియం బాగా తక్కువని, ఆ ఉన్నదాన్ని కూడా ధాన్యాల్లోని ఫైటేట్‌లు అనే పదార్థాలు పట్టుకుంటున్నాయని తేలింది. తవ్వకం ఆపే మందు ఇచ్చి కట్టడానికి సరుకు ఇవ్వకపోతే ఏం లాభం. అలాగని ఒకేసారి గుమ్మరించడం కూడా పనికిరాదు. ఆస్ట్రేలియాలో డెబ్భై దాటిన ఆడవాళ్ళకి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్ల విటమిన్ డి ఇచ్చి చూసిన ట్రయల్ 2010లో వచ్చింది, వాళ్ళు తక్కువ పడటం కాదు, 15 శాతం ఎక్కువ పడ్డారు, ఫ్రాక్చర్లు 26 శాతం ఎక్కువ. మన దగ్గర 6 లక్షల ఇంజెక్షన్ ఒకటి పొడిచేసి పంపించే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు.

తర్వాత స్టెరాయిడ్‌లు. ఆస్తమాకో కీళ్ళవాతానికో డాక్టర్ రాసినవైతే చీటీలో ఉంటాయి, తెలుస్తుంది. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చే రంగురంగుల నొప్పుల మాత్రల్లో, పేరు లేని పొట్లాల్లో ఉంటే ఎవరికీ తెలీదు. "అది వేసుకున్న రోజు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది" అని పెద్దావిడ అంటే మాత్రం ఆ పొట్లం సంగతి కనుక్కోవాల్సిందే. థైరాయిడ్ మాత్ర డోసు ఎక్కువై టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష అంకె) అడుగంటిపోవడం, రొమ్ము క్యాన్సర్ తర్వాత వాడే లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఫిట్స్‌కి ఫెనిటోయిన్, షుగర్‌కి పయోగ్లిటజోన్ కూడా ఈ కోవలోవే. పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం రక్తంలో కాల్షియం, పీటీహెచ్ (ఆ గ్రంథి వదిలే హార్మోన్) చూస్తే బయటపడుతుంది, గోధుమ పడని సీలియాక్ జబ్బుకి వేరే పరీక్ష ఉంది. రక్తహీనత, బరువు తగ్గడం, వెన్ను నొప్పి కలిసొస్తే మైలోమా అనే మజ్జ క్యాన్సర్‌ని కొట్టిపారేయడానికి ప్రొటీన్ ఎలక్ట్రోఫోరిసిస్ అనే రక్తపరీక్ష చేస్తారు. అరుదే గానీ ఆస్టియోపోరోసిస్ అనుకుని ఏళ్ళ తరబడి మందు వాడాక ఇది తేలితే చాలా ఆలస్యమైనట్టు.

స్కోర్ బాగుండి కూడా ఎముక విరగడం

దీనికి మన నేలమీదే ఉదాహరణ ఉంది. ప్రకాశం వైపున్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల నుంచి 1937లోనే ఎముకల ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) గురించి వైద్య పత్రికల్లో రాశారు, నల్లగొండ సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది గానీ బలం ఉండదు. అమెరికాలో ఒకప్పుడు ఈ దట్టం చేసే గుణాన్నే మందుగా వాడి చూశారు. 1990లో వచ్చిన ఆ ట్రయల్‌లో సోడియం ఫ్లోరైడ్ ఇచ్చిన ఆడవాళ్ళ వెన్ను సాంద్రత నాలుగేళ్ళలో 35 శాతం పెరిగింది, ఏ మందుకీ రాని అంకె! కానీ వెన్నుపూసల ఫ్రాక్చర్లు తగ్గలేదు, మిగతా ఎముకల ఫ్రాక్చర్లు పెరిగాయి. సాంద్రత అంకె ఒక్కటే చూసి మందు పనిచేసింది, చెయ్యలేదు అనకూడదని తేల్చింది ఆ ట్రయలే. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో దశాబ్దాలు బోరునీళ్ళు తాగిన పెద్దావిడ స్కాన్ నార్మల్ వచ్చిందంటే డాక్టర్ ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సింది కూడా ఇందుకే.

షుగర్‌లో ఇంకోరకం. టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్ళకి టీ స్కోర్ మామూలుగా బాగానే ఉంటుంది, ఎముక నాణ్యత పాడవుతుంది. అదే స్కోర్ ఉన్న షుగర్ లేనావిడ కంటే వీళ్ళకి ఎక్కువ విరుగుతాయి, చాలామంది డాక్టర్లు మనసులో ఒక 0.5 తీసేసి చూస్తారు, అంటే మైనస్ 2.1 ఉంటే మైనస్ 2.6 అనుకుని.

నిజంగా ఫెయిల్ అయిందని ఎప్పుడు లెక్కేస్తారు

ఇంటర్నేషనల్ ఆస్టియోపోరోసిస్ ఫౌండేషన్ తరఫున నిపుణులు 2012లో ఒక కొలమానం పెట్టారు. మందు కొన్నాళ్ళు సరిగ్గా వాడుతుండగా చిన్న దెబ్బకే రెండు లేదా అంతకంటే ఎక్కువ ఫ్రాక్చర్లు అయితే ఫెయిల్. ఒక్కటే అయితే దానితో పాటు రక్తపరీక్షలో తవ్వకం తగ్గకపోవడమో, స్కాన్‌లో చెప్పుకోదగ్గ తగ్గుదలో కూడా ఉండాలి, అది వెన్నులో 5 శాతం, తుంటిలో 4 శాతం. ఏమీ విరగకపోయినా ఆ రెండూ కలిసి ఉంటే అప్పుడూ ఫెయిలే. సీటీఎక్స్ మందు ముందున్నదాంట్లో 25 శాతమైనా తగ్గకపోతే తగ్గనట్టు లెక్క. వేళ్ళు, అరచెయ్యి, పాదం, చీలమండ, పుర్రె విరిగితే ఈ లెక్కలోకి రావు.

ఇద్దరు ఆడవాళ్ళని పెట్టి చూద్దాం. మొదటావిడకి 71, రెండేళ్ళుగా మాత్ర, స్కూటర్ మీంచి పడి చీలమండ విరిగింది, సీటీఎక్స్ 65 శాతం తగ్గింది, స్కాన్ అలాగే ఉంది. ఈ కొలమానం ప్రకారం ఫెయిల్ కాదు. రెండో ఆవిడకి 74, మూడేళ్ళుగా మాత్ర, ఏ దెబ్బా తగల్లేదు, మనవణ్ణి ఎత్తుకున్నప్పుడు నడుము పట్టేసిందని బామ్ రాసుకుంది. ఎత్తు మూడు సెంటీమీటర్లు తగ్గింది, ఎక్స్‌రే తీస్తే మూడేళ్ళ కింద నిటారుగా ఉన్న రెండు వెన్నుపూసలు ఇప్పుడు కుంగి ఉన్నాయి. ఈవిడకి ఫెయిల్, అదీ గట్టిగా. కానీ మన కళ్ళకి మొదటావిడదే ఫ్రాక్చర్‌లా, రెండో ఆవిడది వయసు నొప్పిలా కనిపిస్తుంది. వెన్నుపూసల ఫ్రాక్చర్లలో ఇంచుమించు మూడో వంతే డాక్టర్ దాకా వస్తాయి, మిగతావి ఇలా బామ్ రాసుకుంటూ గడిచిపోతాయి.

మార్చాల్సి వస్తే వరసే ముఖ్యం

మాత్ర పట్టట్లేదు, అంతే సమస్య అయితే జోలెడ్రోనిక్ యాసిడ్‌కి మారుస్తారు, నరంలోకే వెళ్తుంది కాబట్టి పేగుల గొడవ లేదు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి మాత్రం పనికిరాదు. మందు పట్టినా వెన్నుపూసలు విరుగుతున్నాయంటే కట్టే మందు వైపు చూస్తారు. దీనికి బలమైన ఆధారం 2018లో వచ్చిన వెరో ట్రయల్. తీవ్రమైన వెన్నుపూస ఫ్రాక్చర్లున్న ఆడవాళ్ళలో రెండేళ్ళకి రైసెడ్రోనేట్ వాడిన వాళ్ళల్లో 12 శాతానికి కొత్తవి వచ్చాయి, టెరిపారటైడ్ వాడిన వాళ్ళల్లో 5.4 శాతానికే. వాళ్ళలో చాలామంది అంతకుముందు వేరే మందులు వాడినవాళ్ళే.

టెరిపారటైడ్ రెండేళ్ళు వాడాక ఆపేసి ఊరుకుంటే కట్టిందంతా కరిగిపోతుంది, వెంటనే తవ్వకం తగ్గించే మందు ఏదో ఒకటి పెట్టాలి. డెనోసుమాబ్‌ది ఇంకా మొండి వ్యవహారం. అది ఒంట్లో ఉన్నన్నాళ్ళు తవ్వే కణాలు పుట్టవు, ఆరు నెలలు దాటి ఏడో నెల కూడా పోయిందంటే ఒక్కసారిగా విరుచుకుపడతాయి. జనవరిలో వేయించుకున్నావిడ జూలైలో పెళ్ళి హడావిడిలో పడి, దసరా వెళ్ళాక చూద్దాంలే అనుకుందనుకోండి, ఆ మధ్యలో ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు కుంగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు "అంత ఖరీదైన ఇంజెక్షన్ కూడా పనిచెయ్యలేదు" అంటారు. పనిచేసింది, ఆపడమే దెబ్బ కొట్టింది. 2020 లాక్‌డౌన్ అప్పుడు ఈ భయంతోనే అంతర్జాతీయ సంస్థలు ఈ ఒక్క ఇంజెక్షన్ వాయిదా వెయ్యొద్దని ప్రత్యేకంగా చెప్పాయి. ఇంకో చిక్కు, డెనోసుమాబ్ నుంచి నేరుగా టెరిపారటైడ్‌కి దూకితే తుంటి సాంద్రత కొన్నాళ్ళు పడిపోతుందని 2015 నాటి డేటా స్విచ్ అధ్యయనం చూపించింది. అంటే చిన్నదాన్నుంచి పెద్దదానికి అన్నట్టు వరసగా మెట్లెక్కడం కాదిది, ఏ మందు తర్వాత ఏది అన్నదాన్ని బట్టి అదే మందు మేలు చెయ్యచ్చు, కీడూ చెయ్యచ్చు.

రోమోసోజుమాబ్ 2017 ఆర్చ్ ట్రయల్‌లో అలెండ్రోనేట్‌ని స్పష్టంగా ఓడించింది. కానీ మొదటి ఏడాది గుండెకి సంబంధించిన తీవ్ర సమస్యలు 1.9 శాతానికి బదులు 2.5 శాతానికి వచ్చాయి, అందుకే ఈ మధ్య హార్ట్ అటాక్, పక్షవాతం వచ్చినవాళ్ళకి ఇవ్వరు.

డాక్టర్లకే ఏకాభిప్రాయం లేని చోట్లు

మందు వాడుతుండగా స్కాన్ తీస్తూ ఉండాలా? అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఐదేళ్ళ చికిత్సలో అసలు అక్కర్లేదంది. ఎండోక్రైన్ సొసైటీ వాళ్ళు ఒకటి నుంచి మూడేళ్ళకోసారి తీయమంటారు. మొదటివాళ్ళ వాదన తీసిపారేసేది కాదు, సాంద్రత పెద్దగా పెరగని ఆడవాళ్ళకి కూడా మందు వల్ల ఫ్రాక్చర్లు తగ్గాయి, మధ్యలో స్కాన్ తీస్తే అనవసరంగా మందు మార్చడమే జరుగుతుంది. రెండోవాళ్ళేమో స్కానే తీయకపోతే మాత్ర కాఫీతో వేసుకుంటున్నావిడ ఐదేళ్ళదాకా దొరకదు అంటారు. నాకైతే మాత్రలు ఎలా వేసుకుంటున్నారో అడిగే తీరిక ఉన్న డాక్టర్ దగ్గర మొదటి వాదన, ఆ తీరిక లేని చోట రెండోది సబబు అనిపిస్తుంది, మన ఓపీల రద్దీలో ఏది నడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

మందు ఎన్నాళ్ళు అన్నది ఇంకో గొడవ. ఏళ్ళ తరబడి వాడితే తొడ ఎముక మధ్యలో అడ్డంగా విరగడం అనే అరుదైన సమస్య ఉంది, ముందు తొడలోనో గజ్జల్లోనో సన్నటి నొప్పి వస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియా ఆడవాళ్ళ మీద 2020లో వచ్చిన పెద్ద లెక్క ప్రకారం పదివేల మంది మూడేళ్ళు వాడితే తెల్లవాళ్ళల్లో 149 తుంటి ఫ్రాక్చర్లు తప్పి 2 ఇలాంటివి వచ్చాయి. ఆసియా మూలాల ఆడవాళ్ళల్లో 91 తప్పి 8 వచ్చాయి. లాభమే ఎక్కువ, కానీ అమెరికాలో తెల్లవాళ్ళకి వేసిన తక్కెడ మనకి అలాగే సరిపోదు. అందుకే ప్రమాదం మరీ ఎక్కువ లేనివాళ్ళకి మాత్రలు ఐదేళ్ళయ్యాక, జోలెడ్రోనిక్ యాసిడ్ మూడేళ్ళయ్యాక కొంత విరామం ఇస్తారు, ఎముకలో మిగిలిన మందు కొన్నాళ్ళు కాపు కాస్తుంది. ఆ విరామం డెనోసుమాబ్‌కి లేదు, పైన చెప్పిన కారణం వల్ల. విరామం అని చెప్పి పంపిన వాళ్ళలో మళ్ళీ తిరిగి చూపించుకునే వాళ్ళెంతమంది అన్నది వేరే ప్రశ్న.

మందు చూసుకోలేని సగం

తుంటి ఎముక విరగాలంటే దాదాపు ఎప్పుడూ ముందు పడాలి, పడకుండా ఆపే మందేమీ లేదు. పెద్దావిడ రెండుసార్లు పడి రెండుసార్లూ విరిగితే ఎముక మందు ఫెయిలయిందని రాస్తారు గానీ ఆవిడ ఎందుకు పడుతోందో అడగరు. కాటరాక్ట్ ఆపరేషన్ వాయిదా పడుతూ ఉంటుంది, లేచి నిలబడగానే బీపీ మాత్ర వల్ల కళ్ళు తిరుగుతాయి, కాళ్ళల్లో షుగర్ వల్ల స్పర్శ ఉండదు, తడి గ్రానైట్ మీద రబ్బరు చెప్పులు. ఒకసారి విరిగాక వచ్చే ఏడాది రెండేళ్ళే మళ్ళీ విరగడానికి అన్నిటికంటే ప్రమాదమైన కాలం, ఇంట్లోవాళ్ళేమో ఆ భయంతో ఆవిడని మంచం దిగనివ్వరు, కండ కరిగిపోయి కాళ్ళు ఇంకా బలహీనమవుతాయి. ఆస్ట్రేలియాలో 2018లో వచ్చిన లిఫ్ట్‌మోర్ ట్రయల్‌లో ఎముకలు బలహీనంగా ఉన్న, మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళచేత నిపుణుల పర్యవేక్షణలో బరువులు ఎత్తిస్తే వెన్ను సాంద్రత పెరిగింది, నిలకడా నడకా మెరుగయ్యాయి. అది జిమ్‌లో శిక్షకుల కళ్ళముందు జరిగింది, కుంగిన వెన్నుపూసలున్నావిడ ఇంట్లో నీళ్ళ బిందె వంగి ఎత్తడం దానికి పూర్తిగా ఉల్టా, ముందుకి వంగి బరువెత్తినప్పుడే వెన్నుపూస ముందు అంచు నలిగేది.

మందుల డబ్బాలో రాత్రి నిద్ర కోసం వేసే ఆల్ప్రజోలమ్ ఉంటుంది చూడండి, ఆస్టియోపోరోసిస్ మందు మార్చాలా వద్దా అన్న చర్చలో దాని పేరు ఎవరూ ఎత్తరు. అర్ధరాత్రి బాత్రూంకి లేచేది ఆ మత్తులోనే.